మోటుపల్లి, 'ముత్ఫిలి', గద్దల వజ్రాల కథ: బడి గోడ మీద ఏం రాయాలె?

ఏకశిల_బడి (హనుమకొండ):

అందరికి నమస్తే. మా బడిల కాకతీయుల మీద గోడబోర్డు తయారైతున్నది. అందుల మోటుపల్లి రేవుకు ఒక గడి ఉంచినం. మూడు సంగతులు తేలుతలేవు.

ఒకటి, ఇటలీ యాత్రికుడు మార్కోపోలో మన ఓరుగల్లు రాజ్యాన్ని 'ముత్ఫిలి' అని రాసిండు. అది మోటుపల్లే అంటరు. రాజధాని పేరు ఉండంగ, ఎక్కడో సముద్రం ఒడ్డుకున్న ఊరి పేరు రాజ్యానికి ఎట్ల పడ్డది?

రెండు, పాములున్న లోయలకు మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటితోటి వజ్రాలను పైకి తెచ్చేవన్న కథ. పిల్లలకు మస్తు నచ్చుతది. కని దీన్ని మోటుపల్లి కథ అని రాయొచ్చునా?

మూడు, 'ముత్తు' అంటే ముత్యం గదా, మోటుపల్లి అంటే ముత్యాల పల్లె అయి ఉంటదని పిల్లలే అంటున్నరు. నిజమేనా?

బోర్డు మీద 60, 70 మాటలకే జాగ ఉంది. తెలిసినోళ్ళు చెప్పుర్రి.

తోరణం_నీడ (ఖిలా వరంగల్):

మూడో ప్రశ్న తొందరగా తెగుతుంది కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

ఊరి పేరుకు అర్థం వెతికేటప్పుడు చేయాల్సిన మొదటి పని, ఆ పేరు దొరికే పాత రాతలో ఏ అక్షరాలున్నాయో చూడటం. మోటుపల్లి వీరభద్రాలయంలో కాకతీయ రాజు గణపతిదేవుడు వేయించిన శాసనముంది. అందులో 'మో' దీర్ఘం, తర్వాత 'టు'. 'ముత్తు'లో హ్రస్వమైన ఉకారం, తకారానికి తకారం ఒత్తు. ఒక్క అక్షరం కూడా కలవదు. పైగా ముత్తు తమిళుల మాట. మన వైపు అది ముత్యం. శాసనంలోని సుంకాల పట్టీలో ముత్యాలు ఉన్న మాట నిజమే గానీ, అక్కడ అవి గంధం, కర్పూరం, మిరియాల పక్కన ఒక సరుకు మాత్రమే. అందుకే ముత్యాల పల్లె వద్దు.

ఇలాంటిదే ఇంకో ఉచ్చు ఉంది. 1358లో అద్దంకి రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్ళో వేయించిన శాసనంలో ఈ రేవుకు 'ముకుళపురం' అనే పేరు కనిపిస్తుంది. ముకుళం అంటే మొగ్గ. అది చూసి 'ముకుళపురమే మోటుపల్లి అయింది' అని రాసేస్తారు. జరిగింది తలకిందులు. పాత పేరు మోటుపల్లి. సంస్కృత శ్లోకంలో ఇమడ్చడానికి పండితులు దానికి ముకుళపురం అని వేషం వేశారు. మనకిది కొత్తేం కాదు: ఓరుగల్లు అంటే ఒంటిరాయి, దాన్నే సంస్కృతంలో ఏకశిలానగరం చేశారు. ఏకశిలానగరం నుంచి ఓరుగల్లు పుట్టిందని మన పిల్లలకు ఎవరూ చెప్పరు గదా. చోళుల ప్రభావం ఉన్న రోజుల్లో పెట్టిన 'దేశియుయ్యకొండ పట్టణం' అనే పేరు కూడా ఉంది. అందులో వినిపించేది చోళరాజుల బిరుదు. పాలకులు పెట్టిన పేర్లన్నీ పోయాయి. జనం నోట్లో ఉన్న మోటుపల్లి మిగిలింది.

ఇక ముత్ఫిలి. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రం మీద వ్యాపారం ఎక్కువగా అరబ్బీ, పారశీకం మాట్లాడే ఓడవాళ్ళ చేతుల్లో ఉండేది. మార్కోపోలో రాసిన ఊళ్ళ పేర్లు చాలామటుకు వాళ్ళ నోటి నుంచి విన్నవే. అరబ్బీలో ప లేదు, ట లేదు, ఒ-ఓలు లేవు. ప వచ్చిన చోట ఫ గానీ బ గానీ వేస్తారు. ట వస్తే త. ఓ వస్తే ఉ. ఇప్పుడు మోటుపల్లిని ఆ జల్లెడలో పోయండి: మో-ము అవుతుంది, టు-త్ అవుతుంది, పల్లి-ఫిలి అవుతుంది. ముత్ఫిలి. కేరళ తీరంలోని పంతలాయినిని మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 'ఫందరైన' అని రాశాడు. అక్కడా ప పోయి ఫ వచ్చింది. కాబట్టి ఇది ఏదో ఒక్కచోట కుదిరిన పోలిక కాదు, వరసగా పనిచేసే సూత్రం.

రాజ్యానికి రేవు పేరెందుకంటే, ఓడవాడికి దేశమంటే తను లంగరు వేసే చోటే. తమిళ తీరాన్నంతా మార్కోపోలో 'మాబర్' అన్నాడు. అది అరబ్బీ మాట, దాటే చోటని అర్థం. ఏ తమిళ రాజూ తన రాజ్యాన్ని అలా పిలుచుకోలేదు. సరుకు దించిన వర్తకుడు సుంకం కట్టింది మోటుపల్లిలో, అభయం తీసుకున్నది మోటుపల్లిలో. ఓరుగల్లు కోట అతనికి కొన్ని వారాల నడక దూరంలో ఉన్న మాట. అందుకే రేవు పేరే రాజ్యానికి ముద్రపడింది.

కృష్ణ_గులకరాయి (మంథని):

వజ్రాల ముచ్చట నేను చెప్త.

మార్కోపోలో ముత్ఫిలిల వజ్రాలు దొరికే దారులు మూడు చెప్పిండు. మొదటిది, వానాకాలంల కొండల మీదికెళ్ళి వరద దిగినంక వాగుల అడుగున ఏరుకునుడు. రెండోది, ఎండాకాలంల నీళ్ళు లేని, పాములు తిరిగే కొండల్లకు పోయి వెతుకుడు. మూడోది మీరన్న గద్దల దారి: దిగరాని లోతు లోయలకు మాంసం ముక్కలు విసురుతరు, వజ్రాలు వాటికి అంటుకుంటయి, తెల్లగద్దలు ముక్కలను పైకి ఎత్తుకపోతయి, మనుషులు అరిచి గద్దలను ఎల్లగొట్టి వజ్రాలు తీసుకుంటరు.

ఈ మూడింటిని ఒక్క గాటన కట్టొద్దు. మొదటిది నూటికి నూరుపాళ్ళు నిజం, ఇయ్యాలటికి నడుస్తున్నది. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేన్లల్ల తొలకరి పడంగనే జనం వజ్రాల కోసం నేల చూసుకుంట తిరుగుతరు. కారణం సాదా. వజ్రం మట్టికన్న, మామూలు ఇసుకరాయికన్న బరువు, నీళ్ళకన్న మూడున్నర రెట్లు. వాన సన్నమట్టిని కడుక్కపోతది, బరువురాళ్ళు పైన తేలుతయి. కాకతీయుల కాలానికి కృష్ణ ఒడ్డు నేలలు వాళ్ళ ఏలుబడిలనే ఉన్నయి. తర్వాతి కాలంల పేరుమోసిన కొల్లూరు గని ఆ ఒడ్డుదే. ఇప్పుడది పులిచింతల నీళ్ళ కింద ఉన్నది. అక్కడ వజ్రాలు దొరికింది నది మోసుకొచ్చి పరిచిన గులకరాళ్ళ పొరల్లనే. పాతాళం లోతు లోయలు, గద్దల కొండలు ఆ నేలల లేవు.

గద్దల కథ మనదగ్గర పుట్టలేదు. 4వ శతాబ్దంల సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ ఇదే కథ రాసిండు: లోతు లోయ, విసిరిన మాంసం, ఎత్తుకచ్చే గద్దలు. కని ఆయన చెప్పింది వేరే రత్నం గురించి, చోటేమో నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న సిథియా దిక్కు ఎడారి. అంటే మార్కోపోలోకు తొమ్మిది వందల ఏండ్ల ముందటి మాట. అరబ్బుల సింద్‌బాద్ రెండో ప్రయాణంల కూడ ఇదే లోయ వస్తది. రత్నం దొరికే దేశం పేరు ఎక్కడ వినవడ్డా ఓడవాళ్ళు ఈ కథను తీసుకపోయి ఆ దేశానికి అతికిచ్చిన్రు. మోటుపల్లి పేరుకు కూడ అట్లనే అతికింది.

మరి ఇందుల పొల్లు తప్ప గింజ లేదా అంటే, ఉన్నది. వజ్రానికి నీళ్ళు అంటవు, కొవ్వు అంటుతది. దక్షిణాఫ్రికా గనులల్ల 19వ శతాబ్దం చివర ఇదే గుణంతోటి గ్రీజు బల్లలు చేసిన్రు: ఏటవాలు బల్లకు గ్రీజు పూసి, మీదికెళ్ళి నీళ్ళతోటి గులకను పారిస్తే, ఉత్తరాళ్ళు జారిపోతయి, వజ్రం అతుక్కుంటది. కొవ్వున్న మాంసానికి వజ్రం అంటుకునుడు జరగని పని కాదు. కని అన్ని వజ్రాలు అట్ల అతకవు. ఉప్పునీళ్ళల్ల నానినయి, మీద లవణాల పొర కట్టినయి గ్రీజును పట్టవు. ముందుగాల వాటిని మందుతోటి కడగాలె. పిల్లలకు ఈ ముక్క చెప్తే గద్ద కథకన్న గట్టిగ యాదుంటది.

కాలగణన (కరీంనగర్):

రాణి విషయం ఎవరూ ఎత్తలేదు. బోర్డు మీద తప్పు పడేది అక్కడే.

మార్కోపోలో ముత్ఫిలిని ఒక రాణి ఏలుతున్నదని, ఆమె న్యాయం, శాంతి కోరేదని, భర్త చనిపోయాక నలభై ఏళ్ళుగా పాలిస్తున్నదని రాశాడు. ఆమె మన రుద్రమదేవే. కానీ రుద్రమ తనకు ముందు ఏలిన గణపతిదేవుని భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు, ఓరుగల్లు సింహాసనం ఆయనది కానే కాదు. ఏలుబడి 1262 నుంచి 1289 వరకు, అంటే 27 ఏళ్ళు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం శక 1211 విరోధి మార్గశిర శుద్ధ ద్వాదశి నాటిది, 1289 నవంబరు 27. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను దాన్ని వేయించాడు. మార్కోపోలో చైనా నుంచి ఓడెక్కి ఈ సముద్రం మీదుగా తిరిగి వెళ్ళింది 1290ల మొదట్లో. అప్పటికి గద్దె మీద ప్రతాపరుద్రుడున్నాడు. రేవుల్లో వినిపించిన పాత మాటనే అతడు వర్తమానంగా రాసుకున్నాడు. 'మార్కోపోలో రుద్రమదేవిని దర్శించాడు' అని కొన్ని చోట్ల కనిపిస్తుంది. దయచేసి అది రాయకండి.

శక సంవత్సరాల లెక్క పిల్లల చేత వేయించండి, బాగుంటుంది. మోటుపల్లి అభయ శాసనం శక 1166 క్రోధి. 78 కలిపితే 1244. సరిచూసుకోవడానికి: ఈ సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి, క్రోధి 2024లో వచ్చింది. 2024 నుంచి 1244 తీసేస్తే 780, అంటే సరిగ్గా 13 అరవైలు. కుదిరింది. అనపోతారెడ్డిది శక 1280 విళంబి. 78 కలిపితే 1358. విళంబి 2018లో వచ్చింది, తేడా 660, అంటే 11 అరవైలు.

తప్పు జరిగేది పుష్య, మాఘ, ఫాల్గుణాల్లో. శక సంవత్సరం ఉగాదికి మారుతుంది, ఇంగ్లిషు సంవత్సరం జనవరికి మారుతుంది. మన వేయిస్తంభాల గుడి శాసనమే చూడండి: శక 1084 చిత్రభాను, మాఘ మాసం. 78 కలిపితే 1162 వస్తుంది గానీ అసలు తేదీ 1163 జనవరి 19. అందుకే నెల చెప్పనిచోట 1244–45 అని జంటగా రాయాలి.

ఏకశిల_బడి:

చాన సంతోషం. ముత్యాలు తీసేసినం. రుద్రమ వాక్యం కూడ కొట్టేసినం, 'భర్త పోయినంక' అని ఉండె అందుల. ఇంకో రెండు అడుగుత. శాసనంల అసలేం రాసి ఉన్నదో నాలుగు ముక్కల్ల కావాలె. ఇగ పిల్లలను తీసుకపోయి శాసనాన్ని చూపెట్టాలనుకుంటున్నం. ఫొటోలు మంచిగ రావాలంటే ఏం చెయ్యాలె?

రాతిపలక (జనగామ):

సార్, మొదట శాసనం సంగతి. నా లెక్కన బోర్డు మొత్తానికి ఇదే గుండెకాయ.

మొదటి భాగంలో సంస్కృత శ్లోకాలు, కాకతీయుల వంశ వర్ణన. సూర్యవంశం నుంచి కరికాల చోళుడు, దుర్జయుడి మీదుగా తెస్తారు. దాన్ని చరిత్రగా తీసుకోవద్దు, రాజులు కోరుకున్న వంశవృక్షమది. అసలు సరుకు తర్వాత వస్తుంది. సముద్రం మీద వ్యాపారం చేసే, దూరదేశాల నుంచి వచ్చిపోయే వర్తకులకు గణపతిదేవుడు ఇచ్చిన అభయం. తాత్పర్యం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానులో చిక్కి, పగిలి, తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వగైరా సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదని సముద్రానికి తెగించిన వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ఎగుమతి, దిగుమతి రెండింటి మీదా ముప్పయ్యింట ఒక పాలు. అంటే వందకు మూడు రూపాయల ముప్పై మూడు పైసలు.

కొట్టుకొచ్చిన ఓడను దోచుకోవడం ఆనాడు దొంగతనం కాదు, ఊరి హక్కు. మలబారు తీరంలో ఏళిమల రేవు గురించి మార్కోపోలో రాసింది చూస్తే తెలుస్తుంది: తమ రేవుకు రావాలనుకోని ఓడ అక్కడ చిక్కితే 'నువ్వు వేరే చోటికి పోతున్నావు, దేవుడే నిన్ను మాకు పంపాడు' అని సరుకంతా తీసుకునేవాళ్ళట. ఆ లోకంలో మన ఓరుగల్లు రాజు ఇలాంటి మాటను రాతి స్తంభం మీద చెక్కించి, ఓడ దిగినవాడికి కనబడేలా రేవులోనే నిలబెట్టాడు. ఎన్నిసార్లు చదివినా గుండె నిండుతుంది.

సుంకాన్ని మన పుస్తకాల్లో 'కూపశుల్కం' అంటారు. కూపమంటే బావి అనుకుని 'బావి పన్ను' అని రాసినవాళ్ళున్నారు. ఇక్కడ కూపం అంటే తెరచాప కట్టే ఓడ స్తంభం. ఓడల మీద వేసే సుంకమని అర్థం.

సరుకుల్లో కొన్ని పేర్లు బోర్డుకు పనికొస్తాయి: గంధం, నాటు కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పగడం, పట్టు, మిరియాలు, పోకలు. చీని కర్పూరమన్న ఒక్క మాట చాలు, ఆ రేవుకు చైనా దిక్కు నుంచి సరుకు వచ్చేదని చెప్పడానికి.

ప్రయాణం తేలికే. వరంగల్ నుంచి గానీ కాజీపేట నుంచి గానీ విజయవాడ మీదుగా చీరాల వైపు పోయే రైలెక్కి చీరాలలో దిగండి. వేటపాలెం, చినగంజాం స్టేషన్లు ఇంకా దగ్గరే గానీ ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ అక్కడ ఆగవు. ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చినగంజాం మండలంలో ఉంది. పాత రాతల్లో ప్రకాశం జిల్లా అని ఉంటుంది, 2022లో జిల్లా మారింది. దారిలో ఉప్పు మళ్ళు కనిపిస్తాయి, వాటినీ చూపించండి.

ఫొటోకు ఎదురు వెలుగు పనికిరాదు. మిట్టమధ్యాహ్నం తీసినా, ఫ్లాష్ వేసినా అక్షరం గాడిలో నీడ పడదు, రాయి చదునుగా వస్తుంది. గుడి లోపల ఎలాగూ వెలుతురు తక్కువ కాబట్టి ఒకరు టార్చి పట్టుకోవాలి. స్తంభానికి పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో. మొదట ఎడమ నుంచి ఒకటి, తర్వాత పైనుంచి ఒకటి తీయండి. ఎడమ వెలుగులో నిలువు గీతలు తేలతాయి, తలకట్లు, అడ్డగీతలు మాయమవుతాయి. పై వెలుగులో అవి తేలతాయి. రెండూ పక్కపక్కన పెడితేనే అక్షరం పూర్తవుతుంది. కెమెరా రాతికి తిన్నగా ఉండాలి, వంకరగా తీస్తే పంక్తి చివర అక్షరాలు మసకబడతాయి. స్తంభానికి నాలుగు ముఖాలు. ఏ ముఖం ఏ దిక్కుదో చీటీ మీద రాసి మొదటి ఫొటోలో కనబడేలా పెట్టండి, లేకపోతే ఇంటికొచ్చాక వరస తప్పుతుంది. ఒక్కో ఫొటోలో ఆరేడు పంక్తులు, కింది ఫొటో పై ఫొటోలోని రెండు పంక్తులను మళ్ళీ పట్టాలి.

సుద్ద, పిండి, పసుపు, నూనె, ఏదీ రాయనివ్వొద్దు. అక్షరం కనబడుతుందని పిల్లలు సుద్దముక్క తీస్తారు. సుద్ద గాడిలో దిగుతుంది, దాన్ని తీయడానికి రుద్దితే అంచులు అరుగుతాయి. అంతకన్నా చేటు, ఒకరు తప్పుగా చదివి సుద్దతో దిద్దిన అక్షరమే తర్వాత వచ్చేవాళ్ళందరి ఫొటోల్లో పడుతుంది. తడికాగితం వేసి, బ్రష్షుతో తట్టి, సిరా పొట్లంతో అద్ది అచ్చు తీసే పద్ధతి ఉంది గానీ అది అనుమతి ఉన్న శాసన శాఖవాళ్ళ పని. కాగితం సరిగా ఆరకముందే సిరా అద్దితే అవతలికి కారి రాతికి మరక పడుతుంది.

చదవడానికి ఒక చిట్కా: ర తర్వాత వచ్చే హల్లును పాతవాళ్ళు రెట్టించి రాసేవారు. ధర్మం 'ధర్మ్మం'గా, కర్పూరం 'కర్ప్పూరం'గా కనబడుతుంది. అది తప్పు కాదు.

తోరణం_నీడ:

బోర్డుకు ఇలా అయితే ఎలా ఉంటుంది?

"మోటుపల్లి కాకతీయుల సముద్రపు రేవు. నేటి బాపట్ల జిల్లాలో ఉంది. గణపతిదేవుడు శక 1166లో (క్రీ.శ. 1244–45) ఇక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతిని ఆపి, ముప్పయ్యింట ఒక పాలు సుంకం మాత్రమే ఉంచాడు. ఓడవాళ్ళు రాజ్యాన్నంతా ఈ రేవు పేరుతోనే పిలిచారు. మార్కోపోలో రాసిన 'ముత్ఫిలి' ఇదే. అతడు చెప్పిన గద్దల వజ్రాల కథ అంతకు తొమ్మిది వందల ఏళ్ళ ముందే పడమటి దేశాల్లో ఉంది."

కృష్ణ_గులకరాయి:

మంచిగున్నది. ఒక్కటే మాట: చివరి వాక్యంల గద్దల కథ ఏందో తెల్వనోనికి అర్థంగాదు. 'లోయలోకి విసిరిన మాంసంతో గద్దలు వజ్రాలు తెచ్చే కథ' అని రాస్తే నాలుగు మాటలు పెరుగుతయి. 'నేటి బాపట్ల జిల్లాలో ఉంది' అన్నదాన్ని మొదటి వాక్యంల కలిపితే జాగ సరిపోతది.

ఏకశిల_బడి:

అట్లనే మార్చి పెయింటర్‌కు ఇస్తున్న. పక్కన బొమ్మకు జానెడు జాగ ఉంది. పిల్లలు గద్ద వెయ్యాలంటున్నరు.

రాతిపలక:

ఓడ వేయించండి సార్. గద్ద వేస్తే చూసినవాడికి అదే మిగులుతుంది, కింద ఏం రాసినా. తెరచాపతో ఓడ వేసి, నడిమి స్తంభానికి బాణం గుర్తు పెట్టి 'కూపం' అని రాయించండి. బావి పన్ను అనే మాట మీ బడి పిల్లల నోట మళ్ళీ రాదు.